ఫెయిర్ వర్క్ పే క్యాలిక్యులేటర్: రేటు బాగానే చెబుతుంది, షిఫ్టు సంగతి మనమే చూసుకోవాలి

నేను మెల్‌బోర్న్ పశ్చిమాన, వైకల్యం ఉన్నవాళ్లకు సేవలందించే ఒక చిన్న సంస్థలో జీతాల లెక్కలు చూస్తాను. ఆ సంగతి తెలిసిన తెలుగు పిల్లలు, ఎక్కువగా చదువుకుంటూ సపోర్ట్ వర్కర్లుగా పనిచేసేవాళ్లు, తమ పే స్లిప్పుల ఫొటోలు నాకు పంపుతుంటారు. కింద ఒకటే వాక్యం ఉంటుంది: “అక్కా, ఇది సరిగ్గానే ఉందా?” పే స్లిప్పును ఒక్కదాన్నే చూసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే ముందు వాళ్లకు ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ (జీతాలు, పని హక్కుల సంగతి చూసే ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైటులోని పే క్యాలిక్యులేటర్‌ను చూపిస్తాను. ప్రతిసారీ విడివిడిగా చెప్పడం కంటే దాని మంచిచెడ్డలు ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

దీని అసలు పేరు పే అండ్ కండిషన్స్ టూల్. పొట్టిగా పాక్ట్ అంటారు. పైసా ఖర్చు లేదు, పేరు నమోదు చేసుకోనక్కరలేదు. మీరు ఎక్కడ పనిచేస్తున్నారో ఎవరికీ చెప్పనవసరం లేదు. యజమానికి తెలిసిపోతుందేమోనని భయపడే పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆ భయంతోనే దాన్ని తెరవరు. అందులో నాలుగు భాగాలున్నాయి: జీతం, షిఫ్టు, సెలవు, ఉద్యోగం పోయినప్పుడు రావలసిన నోటీసు. మనకు పనికొచ్చేవి మొదటి రెండూ.

మా ఆఫీసులో డబ్బు పోసి కొన్న పేరోల్ సాఫ్ట్‌వేర్ ఉంది. అయినా ఏటా జూలైలో కొత్త రేట్లు వచ్చినప్పుడు దాన్ని నేను ఈ ఉచిత టూలుతోనే సరిచూస్తాను. 2023లో పెంపు 5.75 శాతం, 2024లో 3.75, 2025లో 3.5. పెంపు ఎంతైనా, జూలై 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే మొదటి పూర్తి జీతకాలం నుంచి అమలవుతుంది. జూలై 1 మీ జీతకాలం మధ్యలో పడితే ఆ నెల మొదటి స్లిప్పులో పాత రేటే కనిపించవచ్చు. అది మోసం కాదు. జూలై ఆఖరుకు కూడా పాత రేటే ఉంటే మాత్రం అడగండి.

టూలు తెరవగానే అడిగేది మీ అవార్డు ఏదని. ఆస్ట్రేలియాలో ఒక్కో రంగానికి కనీస వేతనాలు, పని షరతులు నిర్ణయించే చట్టబద్ధమైన పత్రం అది. మన పనికి వర్తించేది సోషల్, కమ్యూనిటీ, హోమ్ కేర్ అండ్ డిజెబిలిటీ సర్వీసెస్ ఇండస్ట్రీ అవార్డు 2010. అంత పేరు ఎవరూ పలకరు, షాడ్స్ అంటారు. అవార్డు పేరు తెలియకపోతే పనిని బట్టి వెతికిపెట్టే దారి కూడా టూలులో ఉంది. ఇంతవరకూ పదో తరగతి పిల్లవాడైనా చేయగలడు.

తర్వాతి ప్రశ్న దగ్గరే చిక్కంతా. మీరు ఏ రకం ఉద్యోగి? సోషల్ అండ్ కమ్యూనిటీ సర్వీసెస్ ఉద్యోగా, డిజెబిలిటీ హోమ్ కేర్ ఉద్యోగా? ఇందులో ఒకటి నొక్కితేనే టూలు ముందుకు కదులుతుంది. ఏది నొక్కాలో నిర్ణయించే పని మీది. రెండు జవాబులకీ మధ్య గంటకు కొన్ని డాలర్ల తేడా ఉంది.

ఎందుకంత తేడా అంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఈ రంగంలో ఎక్కువమంది ఆడవాళ్లు కావడం వల్ల కూడా జీతాలు తక్కువగా ఉండిపోయాయని 2012లో సమాన వేతన ఉత్తర్వు ఒకటి వచ్చింది. దాని ప్రకారం సోషల్ అండ్ కమ్యూనిటీ సర్వీసెస్ ఉద్యోగుల రేట్లు 2012 డిసెంబరు నుంచి 2020 డిసెంబరు దాకా మెట్లు మెట్లుగా పెరిగాయి. స్థాయిని బట్టి 23 నుంచి 45 శాతం వరకు. హోమ్ కేర్ ఉద్యోగులకు ఆ ఉత్తర్వు వర్తించలేదు. తర్వాత 2023లో వృద్ధుల సంరక్షణ రంగానికి 15 శాతం పెంపు వచ్చింది. అందులో వృద్ధుల ఇళ్లకు వెళ్లి పనిచేసే హోమ్ కేర్ వాళ్లున్నారు, వైకల్యం ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లే హోమ్ కేర్ వాళ్లు లేరు. ఒకే అమ్మాయి పొద్దున ఎనభై ఏళ్ల పెద్దావిడకు స్నానం చేయించి, మధ్యాహ్నం ముప్పై ఏళ్ల యువకుడికి స్నానం చేయిస్తే, ఆ రెండు స్నానాలకూ రెండు రేట్లు. ఇది చదివి నవ్వుకోండి, కోప్పడండి, మీ ఇష్టం. అవార్డులో ఉన్నది అదే. ఈ వర్గీకరణనే మొత్తంగా మార్చాలన్న తాత్కాలిక అభిప్రాయాన్ని, అవార్డులను నిర్ణయించే ఫెయిర్ వర్క్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. కాబట్టి మీరు ఇది చదివే సమయానికి ఈ వర్గాల, అంటే టూలులో మీరు నొక్కే పెట్టెల, పేర్లు మారి ఉన్నా ఆశ్చర్యపోకండి.

ఇంతకీ మీరు ఏ పెట్టెలోకి వస్తారు? అవార్డు చెప్పేది ఇది: క్లయింటు సొంత ఇంట్లో వ్యక్తిగత సంరక్షణ, ఇంటిపని, ఇంటి మరమ్మతు వంటివి చేస్తే హోమ్ కేర్. సమాజంలోకి తీసుకెళ్లడం, గ్రూపు ఇళ్లలో గానీ రెస్పైట్ సెంటర్లలో (ఇంటివాళ్లకు విశ్రాంతి కోసం కొన్నాళ్లు ఉంచే చోట్లు) గానీ డే ప్రోగ్రాముల్లో గానీ చూసుకోవడం, రోజువారీ జీవనానికి తోడ్పడటం వంటివైతే సోషల్ అండ్ కమ్యూనిటీ సర్వీసెస్. నలుగురు కలిసి ఉండే ఇంట్లో షిఫ్టులు చేస్తూ, శనివారం వాళ్లలో ఒకరిని ఈతకొలనుకు తీసుకెళ్లే కుర్రవాణ్ణి హోమ్ కేర్ రేటు మీద ఉంచిన స్లిప్పు కనిపిస్తే, నేను అక్కడే ఆగిపోతాను. మిగతా అంకెలు చూడటం తర్వాత.

ఇందులో నాకు మింగుడుపడని విషయం మరొకటి ఉంది. ఎన్‌డిఐఎస్, అంటే వైకల్యం ఉన్నవాళ్ల సేవలకు డబ్బిచ్చే ప్రభుత్వ పథకం, తన గరిష్ఠ ధరలను లెక్కగట్టేటప్పుడు మామూలు సపోర్ట్ వర్కర్‌ను సోషల్ అండ్ కమ్యూనిటీ సర్వీసెస్ రెండో స్థాయి, మూడో పే పాయింటు (ఆ స్థాయి లోపలి మెట్టు) దగ్గర ఊహించుకుంటుంది. అంటే సంస్థకు వచ్చే డబ్బులో ఆ రేటు ముందే ఇమిడి ఉంది. అలాంటప్పుడు గ్రూపు ఇంట్లో పనిచేసేవాళ్లను హోమ్ కేర్‌లో రాసుకోవడమంటే వచ్చేది ఒక రేటు మీద, ఇచ్చేది ఇంకో రేటు మీద. అయితే పిల్లలు కూడా ఒక మాట అర్థం చేసుకోవాలి. 2024-25లో సోమవారం నుంచి శుక్రవారం వరకు పగటి సేవకు ఎన్‌డిఐఎస్ గరిష్ఠ ధర చాలా చోట్ల గంటకు 67.56 డాలర్లు. “అంత వస్తుంటే నాకు సగమేనా అక్కా?” అని అడుగుతారు. ఆ మిగతా సగంలోంచే సూపర్ (యజమాని కట్టే పదవీ విరమణ పొదుపు), సెలవులు, ప్రమాద బీమా, శిక్షణ, మీ రోస్టర్, అంటే షిఫ్టుల పట్టిక, తయారుచేసే మనిషి జీతం, నా జీతం, ఆఫీసు అద్దె అన్నీ వెళ్లాలి. సగం రావడం దానంతటదే అన్యాయం కాదు. మీ పెట్టె తప్పు కావడం అన్యాయం.

పెట్టె సరిగ్గా ఎంచుకున్నాక టూలు ముచ్చటగా పనిచేస్తుంది. ఫుల్ టైమా, పార్ట్ టైమా, క్యాజువలా (గంటల హామీ, జీతంతో సెలవులు లేని పని) అని అడిగి, మూల రేటు, శనివారం, ఆదివారం, ప్రభుత్వ సెలవు దినం, సాయంత్రం, రాత్రి, ఓవర్‌టైమ్ రేట్లన్నీ వరసగా చూపిస్తుంది. నా దగ్గరికి వచ్చే స్లిప్పుల్లో ఎక్కువగా కనిపించే రోగం వారమంతా ఒకే రేటు ఇవ్వడం. దానికి ఈ ఒక్క పేజీ చాలు. క్యాజువల్ వర్కర్‌కు మూల రేటు మీద 25 శాతం అదనం, శనివారం మూల రేటుకు 175 శాతం, ఆదివారం 225, సెలవు దినం 275.

ఇక్కడ పిల్లలు తరచుగా ఒక పొరపాటు లెక్క వేస్తారు. లెక్క సులువుగా ఉండటానికి మూల రేటు 36 డాలర్లు అనుకుందాం. ఇది నిజమైన రేటు కాదు, ఉదాహరణ మాత్రమే. క్యాజువల్ రేటు 45 అవుతుంది. ఆదివారం రెట్టింపు కాబట్టి 90 రావాలని కొందరు యజమానితో గొడవ పెట్టుకుంటారు. రావలసింది 36కు 225 శాతం, అంటే 81. గొడవ పెట్టుకునేటప్పుడు అంకె తప్పయితే అవతలివాడికి ఎంత ధైర్యమో చెప్పనక్కరలేదు. అదే సమయంలో, ఆదివారం కూడా 45 ఇస్తున్నవాడు ఒక్కో గంటకు 36 డాలర్లు మింగుతున్నాడు. విక్టోరియాలో ఉన్నవాళ్లు మెల్‌బోర్న్ కప్ మంగళవారాన్నీ, ఫుట్‌బాల్ గ్రాండ్ ఫైనల్‌కు ముందు వచ్చే శుక్రవారాన్నీ మరిచిపోవద్దు. గుర్రప్పందాల కోసం సెలవేమిటని మనకు వింతగా ఉండవచ్చు, 275 శాతం మాత్రం వింత కాదు.

సాయంత్రం షిఫ్టు నియమం కూడా చాలామందికి తెలియదు. సోమవారం నుంచి శుక్రవారం వరకు రాత్రి 8 దాటాక, అర్ధరాత్రి లోపు ముగిసే షిఫ్టుకు 12.5 శాతం అదనం. అర్ధరాత్రి దాటాక ముగిసినా, ఉదయం 6కు ముందు మొదలైనా 15 శాతం. ఆ అదనం 8 తర్వాతి నిమిషాలకే కాదు, మొత్తం షిఫ్టుకు. మధ్యాహ్నం 2కి మొదలై 8కి ముగిస్తే ఏమీ రాదు, 8:15కి ముగిస్తే ఆరుంబావు గంటలకూ వస్తుంది. రోస్టర్లలో ఎందుకో చాలా షిఫ్టులు సరిగ్గా 8కి ముగుస్తాయి. ఆ క్లయింటులందరికీ సరిగ్గా 8కే నిద్ర ముంచుకొస్తుందని నేను అనుకోను.

ఇప్పుడు షిఫ్టు క్యాలిక్యులేటర్ గురించి. మొదలైన సమయం, ముగిసిన సమయం ఇస్తే జీతం వేసి చూపించే భాగమిది. నేరుగా సాగే షిఫ్టుకు బాగుంటుంది. కానీ సపోర్ట్ వర్కర్ రోజు నేరుగా సాగేది చాలా అరుదు. పొద్దున ఒక ఇల్లు, సాయంత్రం ఇంకో ఇల్లు, మధ్యలో మీ సమయం గాలికి. దీన్ని బ్రోకెన్ షిఫ్టు అంటారు. 2022 జూలై 1 నుంచి దీనికి గట్టి నియమాలు వచ్చాయి. ఆ నియమాలు తెలిసినవాడికే టూలుకు ఏమి చెప్పాలో తెలుస్తుంది. తెలియనివాడు తాను నిజంగా చేసిన గంటలు ఇస్తాడు, టూలు ఆ గంటలకే జీతం చెబుతుంది.

ఒక పార్ట్ టైమ్ అమ్మాయి మామూలు బుధవారం రోస్టర్ చూడండి. ఉదయం 7 నుంచి 8 వరకు ఒకరికి స్నానం, అల్పాహారం. సాయంత్రం 5:30 నుంచి 7:30 వరకు ఇంకొకరికి వంట, భోజనం. చేసిన పని మూడు గంటలు. అదే 36 డాలర్ల మూల రేటుతో ఆమె స్లిప్పులో ఉన్నది 108. అవార్డు ప్రకారం వేద్దాం. డిజెబిలిటీ పనిలో కనీసం రెండు గంటల జీతం ఇవ్వాలి, బ్రోకెన్ షిఫ్టులో అయితే ఒక్కో భాగానికీ విడిగా. కాబట్టి పొద్దుటి గంట రెండు గంటలవుతుంది, 72. సాయంత్రం రెండు గంటల్లో ఇంకో కిటుకు ఉంది. బ్రోకెన్ షిఫ్టు మొదటి నిమిషం నుంచి 12 గంటలు దాటాక చేసిన పనికి రెట్టింపు రేటు. ఉదయం 7 నుంచి లెక్కవేస్తే సాయంత్రం 7కు పన్నెండు గంటలు నిండుతాయి. 5:30 నుంచి 7 వరకు గంటన్నరకు 54, ఆఖరి అరగంటకు రెట్టింపు లెక్కన 36. కలిపితే 162. మధ్యలో ఒక విరామం ఇచ్చినందుకు స్టాండర్డ్ రేటులో 1.7 శాతం అలవెన్సు, అంటే ఇంచుమించు 20 డాలర్లు. మొత్తం 182 దాకా. ఒక్క బుధవారం మీద 70 డాలర్లకు పైగా తేడా. విరామాలు రెండయితే అలవెన్సు 2.25 శాతం, పైగా రెండు విరామాలకు ఆ అమ్మాయి ఒప్పుకుని ఉండాలి.

స్టాండర్డ్ రేటు అన్న మాట అవార్డులో పదేపదే వస్తుంది. అది మీ రేటు కాదు. సోషల్ అండ్ కమ్యూనిటీ సర్వీసెస్ మూడో స్థాయి, మూడో పే పాయింటు వారపు వేతనం. మీరు ఏ స్థాయిలో ఉన్నా అలవెన్సుల శాతాలు దాని మీదే లెక్క. కొత్తగా చేరినవాడికీ అనుభవం ఉన్నవాడికీ బ్రోకెన్ షిఫ్టు అలవెన్సు ఒకటే. అవార్డులో నాకు మనస్ఫూర్తిగా నచ్చిన అతికొద్ది విషయాల్లో ఇదొకటి.

రాత్రి పడుకునే షిఫ్టు, అంటే స్లీపోవర్, దీనికంటే తమాషా. క్లయింటు ఇంట్లో వరసగా ఎనిమిది గంటలు, ప్రత్యేక గది, మంచం, ఉచిత భోజన వసతి, దానికి స్టాండర్డ్ రేటులో 4.9 శాతం అలవెన్సు. 2025 జూలై లెక్కన సుమారు 60 డాలర్లు. ఎనిమిదితో భాగిస్తే గంటకు ఏడున్నర. దేశం మొత్తానికి కనీస వేతనం 2025 జూలై నుంచి గంటకు 24.95 డాలర్లని గుర్తుచేసుకుంటే ఆ అంకె ఎలా ఉంటుందో నేను చెప్పను. నిద్రపోతున్నావు కదా అన్నది దాని వెనక వాదన. సరే, ఆ వాదననే పట్టుకుందాం. నిద్రపోనివ్వకపోతే? క్లయింటు రాత్రి రెండింటికి లేచి పిలిస్తే, మీరు పావుగంట పనిచేసి పడుకున్నా, కనీసం ఒక గంట ఓవర్‌టైమ్ రేటుతో ఇవ్వాలి. గంట దాటితే దాటినంతకూ. ఇంకో సంగతి: స్లీపోవర్‌కు ముందో వెనకో, ఏదో ఒక వైపు కనీసం నాలుగు గంటల పనికి జీతం ఉండాలి. రాత్రి పదికి వచ్చి పడుకుని ఉదయం ఆరింటికి వెళ్లిపో, అరవై తీసుకో అనడం కుదరదు.

టూలు అలవెన్సుల జాబితాలో స్లీపోవర్‌ను చూపిస్తుంది, మొత్తమూ చెబుతుంది. రాత్రి రెండింటికి ఎవరు లేచారో దానికి తెలియదు. అది మీరు రాసుకుంటేనే ఉంటుంది. ఫెయిర్ వర్క్ వాళ్లదే రికార్డ్ మై అవర్స్ అనే ఫోను యాప్ ఒకటుంది. నేను మాత్రం పిల్లలకు డైరీ చెబుతాను: తేదీ, లేచిన సమయం, చేసిన పని, మళ్లీ పడుకున్న సమయం. క్లయింటు కేస్ నోట్సులో కూడా అదే సమయం ఉండాలి. ఆ రెండూ కలిసినప్పుడు మీతో వాదించడం నాలాంటి పేరోల్ మనిషికి కూడా కష్టం. నిజానికి మాకు కూడా అదే కావాలి. లేవలేదని రాసి ఉన్న నోట్సుకు నేను ఓవర్‌టైమ్ ఎలా వేయను?

రాత్రంతా మెలకువగా ఉండి చూసుకోవలసిన షిఫ్టు స్లీపోవర్ కాదు. దానికి ప్రతి గంటకూ జీతం, రాత్రి అదనంతో సహా. మంచం చూపించి, ప్రతి అరగంటకూ క్లయింటును చూసి రమ్మంటే ఆ మంచం అలంకారానికే.

క్లయింటు చివరి నిమిషంలో రద్దు చేసుకున్నప్పటి సంగతి ఈ టూలు పరిధిలో లేదు, అవార్డునే చదువుకోవాలి. ఫుల్ టైమ్, పార్ట్ టైమ్ వాళ్లకు రోస్టర్‌లో వేసిన సేవను క్లయింటు ఏడు రోజుల లోపు రద్దు చేస్తే, సంస్థ వేరే పని చూపించవచ్చు. లేదా షిఫ్టు తీసేయవచ్చు. తీసేస్తే జీతమైనా ఇవ్వాలి, ఆరు వారాల లోపు బదులు షిఫ్టయినా ఇవ్వాలి. షిఫ్టు మొదలవడానికి కనీసం 12 గంటల ముందు మీకు చెబితేనే ఆ రెండో దారి. తలుపు దగ్గరికి వెళ్లాక తెలిస్తే జీతమే. వేరే పని చూపలేనప్పుడు ఆ రద్దయిన సేవకు ఎన్‌డిఐఎస్ నుంచి డబ్బు తీసుకునే వీలు సంస్థకు ఉంటుందన్నది కూడా మనసులో పెట్టుకోండి. క్యాజువల్ వాళ్లకు ఈ రక్షణ లేదు. క్యాజువల్‌లో డబ్బు ఎక్కువని సంబరపడేవాళ్లు ఇలాంటివి కూడా కలిపి లెక్కవేసుకోవాలి.

సొంత కారులో ఒక క్లయింటు నుంచి మరో క్లయింటుకు వెళ్తే, లేదా క్లయింటును ఎక్కించుకుంటే కిలోమీటరుకు దాదాపు డాలరు. ఇంటి నుంచి మొదటి క్లయింటు దాకా రాదు. ఈ అలవెన్సు టూలులో ఉంది, పే స్లిప్పుల్లో లేకపోవడం మామూలైపోయింది. యూనిఫారం ఉతుక్కోవడానికి షిఫ్టుకు 32 సెంట్లు కూడా ఉంది. దాని కోసం పోట్లాడమని నేను చెప్పను గానీ, ఆ 32 సెంట్లను తు.చ. తప్పకుండా ఇచ్చే సంస్థల్లో పెద్ద తప్పులు తక్కువగా ఉండటం గమనించాను.

నిజం చెప్పాలంటే, ఇదే వెబ్‌సైటులో క్యాలిక్యులేటర్ కంటే మెరుగైన వస్తువు ఇంకోటి ఉంది: పే గైడ్. ఒక్కో అవార్డుకూ ఒక్కో పీడీఎఫ్. షాడ్స్‌ది చాలా పేజీలుంటుంది. మొదట ఫుల్ టైమ్, పార్ట్ టైమ్ పట్టికలు, తర్వాత క్యాజువల్ పట్టికలు, చివర అలవెన్సులు. ఏ తేదీ నుంచి అమలో పైనే రాసి ఉంటుంది. క్యాలిక్యులేటర్ ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు చెబుతుంది. గైడు పట్టిక మొత్తం కళ్ల ముందు పెడుతుంది, పక్క పెట్టెలో రేటు ఎంతో కూడా చూపిస్తుంది. తన స్థాయి పక్కనే పై స్థాయి రేటు కనిపించినప్పుడే మనిషికి అడగాలనిపిస్తుంది. ఏడాది నుంచి ఒకే చోట పనిచేస్తూ ఇంకా మొదటి పే పాయింటు మీదే ఉన్నవాళ్లు ఆ వరుసలో తర్వాతి గడి చూసి యజమానిని అడగాలి. పనితీరు సంతృప్తికరంగా ఉంటే పన్నెండు నెలలకు పై పాయింటుకు వెళ్లే దారి అవార్డులోనే ఉంది.

ఏబీఎన్ (సొంత వ్యాపారం చేసేవాళ్లు తీసుకునే నంబరు) తెచ్చుకోమని చెప్పి, కాంట్రాక్టర్‌గా గంటకు ఇంత అని అన్ని రోజులకూ ఒకే మొత్తం ఇస్తున్నవాళ్ల సంగతి వేరు. ఈ టూలు ఉద్యోగులకే, కాంట్రాక్టర్ల గురించి అది మాట్లాడదు. వాళ్లు రోస్టర్ వేసి, వాళ్ల యూనిఫారం తొడిగి, మీ బదులు ఇంకొకరిని పంపే వీలు లేకుండా చేసి, మీరు కాంట్రాక్టర్ అంటే సరిపోదు. నిజంగా పని ఎలా జరుగుతోందన్నది చూస్తారు. ఉద్యోగిని కాంట్రాక్టర్‌గా చూపించడం చట్టం నిషేధించిన పని. ఏబీఎన్ పిల్లలకు నేను చెప్పే చిన్న పరీక్ష ఇదే: అదే పనికి ఉద్యోగిగా ఆదివారం ఎంత రావాలో క్యాలిక్యులేటర్‌లో చూడండి, దాని మీద 12 శాతం సూపర్ కలపండి, సెలవు దినాల రేటు చూడండి. మీకు ఇచ్చే ఆ ఒక్క అంకె ఎందుకంత గుండ్రంగా ఉందో తెలుస్తుంది.

వీసా గురించి కూడా అడుగుతారు. స్టూడెంట్ వీసా మీద చదువు జరిగే రోజుల్లో పక్షానికి 48 గంటల పరిమితి ఉంది. ఆ పరిమితి దాటినా చేసిన గంటలకు అవార్డు రేటు పోదు. వీసాను అడ్డుపెట్టి తక్కువ జీతానికి ఒప్పుకోమని బెదిరించడం 2024 జూలై నుంచి నేరం. రాని జీతాన్ని ఆరేళ్ల వెనక వరకు అడగవచ్చు. ఉద్దేశపూర్వకంగా జీతం ఎగ్గొట్టడం 2025 జనవరి 1 నుంచి దేశమంతటా క్రిమినల్ నేరం, వ్యక్తులకు పదేళ్ల వరకు జైలు పడవచ్చు. పొరపాటున తప్పు లెక్క వేసిన చిన్న సంస్థకు ఇది వర్తించదు. డబ్బు మాత్రం వాళ్లూ తిరిగి ఇవ్వాల్సిందే. తప్పు జరిగిందని వర్కరే అంకెలతో చూపిస్తే సంతోషంగా సరిదిద్దే సంస్థలూ ఉన్నాయి. అన్నీ దొంగల కొంపలు కావు.

టూలు చూశాక కూడా అనుమానం తీరకపోతే అంబుడ్స్‌మన్ ఫోను నంబరు 13 13 94. ఇంగ్లిషులో జీతాల భాష మాట్లాడటానికి జంకేవాళ్లు ప్రభుత్వ అనువాద సేవ నంబరు 131 450కు ఫోను చేసి, అనువాదకుణ్ణి అడిగి, అక్కడి నుంచి కలపమనవచ్చు. ఫోను చేసే ముందు మీ రోస్టర్, పే స్లిప్పు, నియామక పత్రం పక్కన పెట్టుకోండి. పే స్లిప్పు జీతం పడిన ఒక పనిదినం లోపు ఇవ్వాలి. అదే ఇవ్వని చోట మిగతా లెక్కల గురించి నేను చెప్పేదేమీ లేదు.

ఐదుకు మార్కులు వేయమంటే, వర్గీకరణ తెలిసి, నేరుగా సాగే షిఫ్టులు చేసేవాళ్లకు పే క్యాలిక్యులేటర్ నాలుగున్నర. బ్రోకెన్ షిఫ్టులు, స్లీపోవర్లు చేసే సపోర్ట్ వర్కర్‌కు అది మూడు, ఎందుకంటే అతని డబ్బు పోయేది రేటులో కాదు, గంటలు లెక్కపెట్టే తీరులో. పే గైడుకు నాలుగున్నర. అర మార్కు ఎందుకు తీశానంటే, ఫోను తెర మీద ఆ పట్టికలు చదవడం కళ్లకు శిక్ష. లైబ్రరీలో ప్రింటు తీసుకోండి, మీ స్థాయి ఉన్న రెండు మూడు పేజీలు చాలు. వచ్చే జూలైలో అవి పారేసి కొత్తవి తీసుకోండి. నాకు పే స్లిప్పు ఫొటో పంపేటప్పుడు దయచేసి ఆ పక్షం రోస్టర్ కూడా జతచేయండి.